ఒక్కరోజు పార్కు: కర్నూలు, అనంతపురం, కడప నుంచి ఎటు పోతే డబ్బు గిట్టుబాటు

పార్కు మాట రాగానే మనవాళ్లు మొదట అడిగేది "ఎన్ని రైడ్లున్నాయి?" అని. దాంతో పెద్ద పని లేదు. బోర్డు మీద 40 ఉన్నా 60 ఉన్నా, పదకొండింటికి లోపలికి పోయి ఆరింటికి బయటపడే కుటుంబం ఎక్కేది 12. బాగా ఉరుకులు పెడితే 15. అడగాల్సినవి వేరే మూడున్నాయి. పెద్ద రైడ్లు గంటకు ఎంతమందిని ఎక్కించి దించుతున్నాయి? మన ఇంట్లో ఎంతమంది వాటి ఎత్తు గీతకు సరిపోతారు? ఇంటి గడప నుంచి పార్కు గేటుకు ఎన్ని గంటలు?

మొదటిదాన్నే తీసుకుందాం, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కపెట్టరు. వండర్‌లా అనే కంపెనీకి హైదరాబాద్‌లో, బెంగళూరులో పార్కులున్నాయి, రెండింట్లోనూ రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ఉంది. నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా చేసే బూమరాంగ్ రకం అది. రైలును మొదట వెనక్కి లాగి, సుమారు 35 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయి వదిలేస్తారు. అది స్టేషన్ మీదుగా దూసుకుపోయి మూడుసార్లు తలకిందులు చేసి, అవతలి వాలు ఎక్కి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ ఇంకో మూడుసార్లు తిప్పుతుంది. పోయిన పట్టాల మీదే తిరిగి రావాలి కాబట్టి దీనికి రెండో రైలు పెట్టడానికి వీల్లేదు. ఉన్న ఒక్క రైలులో 28 సీట్లు, ఒక్కో రౌండుకు దాదాపు 2 నిమిషాలు.

ఇక మిగతాదంతా ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ కుర్రాళ్ల చేతిలో ఉంది. దించి, ఎక్కించి, ఒంటిని పట్టి ఉంచే బార్లు లాగి చూసి 2 నిమిషాల్లో పంపించగలిగితే గంటకు 15 రౌండ్లు, 420 మంది. అదే పనికి 4 నిమిషాలు పడితే 10 రౌండ్లు, 280 మంది. మీ ముందు క్యూలో 200 మంది ఉంటే మొదటి పద్ధతిలో అరగంట లోపే ఎక్కేస్తారు, రెండో దాంట్లో ముప్పావుగంట దాకా నిలబడతారు. ఇలాంటివి ఐదారు రైడ్లు కలిస్తే గంటన్నర దాకా అదనంగా క్యూలోనే కరిగిపోతుంది. టికెట్ మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో చూడాలంటే వాచీ పెట్టుకుని పది నిమిషాలు గమనించండి చాలు. చెప్పులు, ఫోన్లు, కళ్లజోళ్లు ప్లాట్‌ఫాం మీదికి వచ్చాక తీయిస్తున్నారా, క్యూలో ఉండగానే తీయిస్తున్నారా? ముగ్గురు వచ్చినప్పుడు నాలుగో సీటు ఖాళీగా పోతోందా, ఒంటరిగా వచ్చినవాణ్ని పిలిచి కూర్చోబెడుతున్నారా? బార్లు ఒక మనిషి చూస్తున్నాడా, రెండు వైపులా ఇద్దరు చూస్తున్నారా? చెకింగ్ మాత్రం తొందరగా చేయమని ఎవరూ కోరకూడదు. దానికి పట్టే టైం పట్టాలి. తగ్గించాల్సింది చెప్పులు వెతుక్కునే టైం.

మేనేజ్‌మెంట్ మీద ఇంకో ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. జనం తక్కువుండే రోజుల్లో కొన్ని పార్కులు కొన్ని రైడ్లను వంతులవారీగా ఆపుతాయి, మరమ్మతుకు ఇంకొన్ని ఆగుతాయి. అందులో తప్పేమీ లేదు. ఆపినవాటి జాబితా టికెట్ కిటికీకి ముందు పెట్టే పార్కు మంచి పార్కు, గేటు దాటాక పెట్టేది కాదు. జాబితా కనబడకపోతే డబ్బు కట్టకముందే "ఈరోజు ఏవి ఆపారు?" అని అడగండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి అడగాలి.

నడుస్తున్న రైడ్ మధ్యలో ఆగితే కంగారు పడకండి. బూమరాంగ్ రైలుకు రెండో వాలు మీద పైకి లాగే కొక్కెం అందాలి. చలి పొద్దున, ఖాళీ సీట్లతో, ఎదురుగాలిలో వేగం కాస్త తగ్గి అక్కడిదాకా అందకపోతే రైలు వెనక్కి జారి, అటూ ఇటూ ఊగి పల్లంలో నిలిచిపోతుంది. అందుకే పొద్దున మనుషుల్లేకుండా ట్రయల్ రన్లు వేస్తారు. సెన్సర్ ఒక్కటి తప్పు చెప్పినా రైలు కదలకుండా ఆగిపోయేలాగే కట్టారు. ఆ ఆగడాన్ని లోపం అనుకోవద్దు.

కర్నూలు నుంచి

ఇక్కడ తేల్చుకోవడానికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. హైదరాబాద్ వండర్‌లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్‌లో ఉంది. 44వ నంబరు హైవే మీద శంషాబాద్ దాకా పోయి, అక్కడే ఔటర్ ఎక్కితే తుక్కుగూడ దాటగానే వచ్చేస్తుంది. నగరంలోకి అడుగే పెట్టనక్కర్లేదు. సుమారు 210 కిలోమీటర్లు, కారులో మూడున్నర నుంచి నాలుగు గంటలు. పొద్దున ఆరింటికి బయలుదేరితే గేటు తెరిచే వేళకు అక్కడుంటారు. ఆదోని, నంద్యాల వాళ్లు ఇంకో గంటన్నర, రెండు గంటలు కలుపుకోవాలి. వాళ్లు ముందురోజు రాత్రి శంషాబాద్ చుట్టుపక్కల గది తీసుకోవడం మేలు.

అదే ఔటర్ మీద ఇంకో రెండు ఎగ్జిట్లు ముందుకు పోతే పెద్ద అంబర్‌పేట, అక్కడి నుంచి విజయవాడ రోడ్డులో రామోజీ ఫిల్మ్ సిటీ. రెండూ దగ్గరే కదా అని ఒకే రోజులో కుదించాలని చూస్తారు. కుదరదు. ఫిల్మ్ సిటీ అసలు సరుకు బస్సులో తిప్పి చూపించే సెట్లు, తోటలు, స్టేజీ షోలు. ప్రపంచంలోనే పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్‌కు ఎక్కిన చోటు అది. రైడ్లున్నాయి గానీ వాటికోసం పోయేది కాదు. ఇంట్లో 60 దాటినవాళ్లు ఇద్దరు, ఐదేళ్ల లోపు పిల్లలు ఇద్దరు ఉన్నారంటే ఫిల్మ్ సిటీ. ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువగా ఉంటే రావిర్యాల. మధ్యరకం అంటూ లేదు.

హైదరాబాద్ పార్కు 2016లో తెరిచారు, బెంగళూరుది 2005లో. వయసు తేడా చెట్లలో కనిపిస్తుంది. బిడది దగ్గరున్న ఆ బెంగళూరు పార్కులో క్యూల మీదికి కూడా నీడ వస్తుంది. రావిర్యాలలో రైడ్‌కూ రైడ్‌కూ మధ్య నడక తక్కువ, ఎండ ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ తిన్నవాళ్లకు అదేం లెక్క అంటారేమో గానీ, నల్లటి సీటు మీద నిక్కరుతో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రావిర్యాల హాయిగా ఉంటుంది. కాకపోతే డిసెంబరు, జనవరిలో స్కూలు బస్సులు దిగుతాయి. ఒక బస్సు అంటే 50 మంది, పది బస్సులు ఒకేసారి ఒకే రైడ్ మీద పడతాయి. గేటు దగ్గర పసుపు బస్సులు కనబడితే పార్కు చివరికి నడిచి, అక్కడి నుంచి వెనక్కి మొదలుపెట్టండి. స్కూలు గుంపులు ఎప్పుడూ మొదటి రైడ్ దగ్గరే ఆగిపోతాయి.

అనంతపురం నుంచి

మ్యాపులో బెంగళూరు దగ్గర. పార్కు మాత్రం బెంగళూరుకు అవతల, మైసూరు రోడ్డులో బిడది దగ్గర ఉంది. అనంతపురం నుంచి నగరం అంచుకు మూడు గంటల్లో చేరి, నగరం దాటడానికి ఇంకో రెండు గంటలు పోగొట్టుకున్న బండ్లు చాలా ఉంటాయి. నగరం ఉత్తరపు అంచులోని హెబ్బాళ నుంచి మధ్యలోకి దిగకుండా తుమకూరు రోడ్డుకు తిరిగి, అక్కడ నైస్ రోడ్డు అనే టోల్ దారి ఎక్కి మైసూరు రోడ్డులో దిగాలి. టోల్ గట్టిగానే తీసుకుంటారు, అయినా కట్టండి. పొద్దున ఏడున్నరలోపు హెబ్బాళ దాటలేకపోతే ఈ లెక్కంతా తారుమారు.

రైలు ఇంకా సులువు. రాత్రి బండికి అనంతపురంలోనో ధర్మవరంలోనో ఎక్కి బెంగళూరు సిటీ స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి మైసూరు వైపు పోయే మెమూ లోకల్ రైలు బిడదిలో ఆగుతుంది. బిడది నుంచి ఆటో. మెజెస్టిక్ బస్టాండు నుంచి సిటీ బస్సులు కూడా ఉన్నాయి.

బిడది పార్కు 80 ఎకరాల పైచిలుకు, 60 దాకా రైడ్లు. నడక ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లను రోజంతా తిప్పకండి. వాళ్లకు అక్కడ తప్పకుండా చూపించాల్సింది స్కై వీల్. టవర్ పైకి లిఫ్టులో తీసుకుపోయి, ఆ ఎత్తున తిరిగే రంగులరాట్నంలో కూర్చోబెడతారు. తల తిరిగే రైడ్ కాదు, చుట్టూ చూసుకోవడమే. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరు గాలికి తడిబట్టలతో వణుకు పుడుతుంది, పైగా ఉరుములు మెరుపులు మొదలైతే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు. వాన వల్ల ఆగిన రైడ్లకు మామూలుగా డబ్బు వెనక్కి రాదు. బిడదికి మార్చి, ఏప్రిల్ మంచి కాలం. అనంతపురంలో ఉక్కపోత మొదలయ్యేసరికి అక్కడ ఇంకా తట్టుకోగలిగినంతే ఉంటుంది.

పార్కు పక్కనే వాళ్ల రిసార్ట్ ఉంది. చిన్నపిల్లలున్నవాళ్లకు అది దండగ ఖర్చు కాదు. మధ్యాహ్నం రెండింటికి పిల్ల నిద్రకు ఏడిస్తే గదికి పోయి పడుకోబెట్టుకోవచ్చు.

కడప నుంచి

కడపవాళ్లది అసలు చిక్కు. హైదరాబాద్ 400 కిలోమీటర్ల పైన, బెంగళూరు రాయచోటి, మదనపల్లె మీదుగా 260 దగ్గర, చెన్నై కూడా అంతే. ఇన్నాళ్లూ బిడదే దిక్కు. 2025 డిసెంబరులో చెన్నైకి దక్షిణంగా తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా కొత్త పార్కు తెరిచాక లెక్క మారింది. అందులో తంజోర అనే కోస్టర్ ఉంది. స్విట్జర్లాండ్ కంపెనీ బొలిగర్ అండ్ మాబిలార్డ్ చేసిన ఇన్వర్టెడ్ రకం అది. పట్టాలు నెత్తిమీద ఉంటాయి, సీట్లు వాటి కింద వేలాడతాయి, కాళ్లు గాల్లో. వెకోమా బూమరాంగ్‌లో మెడ అదురుతుంది. బొలిగర్ కంపెనీ వాటికి నున్నటి పరుగని పేరు. కోస్టర్ కోసమే పోయేవాళ్లకు కడప నుంచి తిరుప్పోరూరే సరైన దారి.

దారిలో రెండు జాగ్రత్తలు. చెన్నై నగరంలోకి పోకుండా అవుటర్ రింగు రోడ్డు పట్టుకుని వండలూరు వైపు దిగి, కేళంబాక్కం రోడ్డు మీదుగా తిరుప్పోరూరు చేరాలి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, అప్పుడు టికెట్ ముందుగా కొనకండి. ఇక తిరుపతి దారిలోనే కదా, దర్శనం కూడా అయిపోతుంది అనే ఆలోచన ప్రతి ఇంట్లో వస్తుంది. పార్కు ముందు, కొండ తరువాత పెట్టుకోండి. కొండ ముందైతే గుండు మీద చెన్నై ఎండ రోజంతా కొడుతుంది, నీళ్ల రైడ్లలో టోపీ పెట్టుకోనివ్వరు.

మూడురోజులు చేతిలో ఉంటే ఇంకో ఎంపిక ఉంది, మనవాళ్లలో చాలామందికి తట్టదు. చెన్నై నుంచి ముంబై పోయే రైలుమార్గం కడప, గుంతకల్లు, ఆదోని మీదుగానే పుణెకు పోతుంది. పుణె, ముంబై మధ్య ఖోపోలి దగ్గర ఇమాజికా ఉంది, 2013లో తెరిచారు. రైడ్లకు కథ, సెట్టు, సంగీతం కట్టి పెట్టిన పార్కు అది. ఆ లెక్కన చూస్తే వండర్‌లాలు అమ్యూజ్‌మెంట్ పార్కులు, థీమ్ పార్కు అనే పేరు ఇమాజికాకే తగుతుంది. అక్కడి నైట్రో కూడా బొలిగర్ అండ్ మాబిలార్డ్‌దే, కాళ్ల కింద నేల లేని ఫ్లోర్‌లెస్ రకం, ఐదుసార్లు తలకిందులు. కోస్టర్ పిచ్చి ఉన్నవాళ్లు ఒక్కసారైనా పోవాల్సిన చోటు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పడమటి కనుమల్లో వాన తెరిపి ఇవ్వదు, అప్పుడు మాత్రం వద్దు.

ఎత్తు గీత, బట్టలు

ఇంట్లో గోడకు టేపు పెట్టి పిల్లల ఎత్తు కొలిచాకే పార్కు ఎంచుకోండి. వండర్‌లాల్లో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ ఉండదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దలది. పెద్ద రైడ్లకు కూడా గీత 140 దగ్గరే. వయసుతో సంబంధం లేదు. 138 ఉన్న పదమూడేళ్ల కుర్రాడు తమ్ముడితో బొమ్మ కార్లు ఎక్కాల్సి వస్తే ఆ రోజంతా మొహం మాడ్చుకుంటాడు. అలాంటివాడుంటే ఆరునెలలు ఆగండి. గీత దగ్గర సిబ్బందితో వాదన పెట్టుకోకండి. బార్ ఆగే చోటు ఆ ఎత్తు మనిషి ఒంటికి లెక్కగట్టింది.

నీళ్ల రైడ్లకు నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లేదా లైక్రా ఉండాలి. కారణం వేషం కాదు. నూలు పోగులు ఊడి ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి, తడిసిన నూలు బరువెక్కి స్లైడ్ జాయింట్ల దగ్గర ఒరుసుకుంటుంది. బటన్లు, జిప్పులు ఉన్న జీన్స్ అయితే స్లైడ్ పైపూతనే గీరేస్తాయి. నైలాన్ బట్టలు లోపలి అంగట్లో దొరుకుతాయి గానీ, మన ఊరి స్పోర్ట్స్ షాపులో ముందే కొంటే సగానికి వస్తాయి.

నీళ్లు బాగున్నాయో లేదో పూల్ ఒడ్డున నిలబడి తేల్చుకోవచ్చు. లోతైన చోట అడుగున ఉన్న జాలీ గీతలు స్పష్టంగా కనబడాలి. క్లోరిన్ వాసన ఘాటుగా కొడితే మందు ఎక్కువేశారని అనుకుంటాం. చాలాసార్లు సంగతి తలకిందులు. చెమట, మూత్రంతో కలిసిపోయిన క్లోరిన్‌కే ఆ వాసన, ఆ కళ్ల మంట. అంటే పనిచేసే క్లోరిన్ తక్కువైందని. లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఊరి బయట రిసార్టుల్లోని చిన్న వాటర్ పార్కుల్లో ఆ రీడింగ్ రాసిన పలక ఉందా అని అడిగి చూడండి. సాయంత్రం కంటే పొద్దున నీళ్లే నయం.

ఊళ్లోకి వచ్చే ఎగ్జిబిషన్

వేసవిలో, దసరాకు, ఉరుసుకు మూడు ఊళ్లలోనూ జెయింట్ వీల్, కొలంబస్ అనే ఊగే పడవ, బ్రేక్‌డాన్స్ అనే గిరగిర తిరిగే తొట్లు దిగుతాయి. వందకూ నూటయాభైకీ ఒక రైడ్, నడిచిపోయే దూరం. తీసిపారేయాల్సినవి కావు. కానీ ఎక్కేముందు ఐదు నిమిషాలు కింద చూడాలి, పైన కాదు.

కర్నూలు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రైడ్ కాళ్ల కింద చెక్క దిమ్మెలు పేర్చి మట్టం చేస్తారు. వాన తరువాత ఒక వైపు దిమ్మెలు దిగబడి, కాలికీ దిమ్మెకూ మధ్య వేలు దూరేంత సందు కనబడితే ఆ రోజు ఎక్కకండి. వాన వెలిసిన ప్రతిసారీ మట్టం చూసి దిమ్మెలు మళ్లీ కొట్టే ఓనరుంటే ఆయన పనివాడు. తరువాత పిన్నులు. చేతులను, తొట్లను కలిపే ప్రతి లావు పిన్నుకూ చివర స్ప్రింగ్ క్లిప్ ఉండాలి. క్లిప్ స్థానంలో వంచిన మేకు, బైండింగ్ వైరు కనబడితే తిరిగి వచ్చేయండి.

జెయింట్ వీల్‌లో జనాన్ని ఎలా ఎక్కిస్తున్నారో చూడండి. తెలిసినవాడు ఒక తొట్టి నింపి, చక్రం సగం తిప్పి ఎదురు తొట్టి నింపుతాడు. వరసగా నింపుకుంటూ పోతే ఒక వైపు బరువెక్కి మోటారు మూలుగుతుంది, వదిలినప్పుడు చక్రం దానంతటదే జారుతుంది. కొలంబస్‌లో ఒక వరసకంతటికీ ఒకే బార్ ఉంటే అది లావుపాటి మనిషి తొడల దగ్గరే ఆగిపోతుంది, పక్కన కూర్చున్న బక్కపిల్లకు జానెడు సందు మిగులుతుంది. పిల్లలను పిల్లలతోనే ఒక వరసలో కూర్చోబెట్టండి, చివరి వరసల్లో కాదు, మధ్యలో. బ్రేక్‌డాన్స్‌లో బరువైన మనిషి బయటి వైపు కూర్చోవాలి, లేకపోతే తిరిగేటప్పుడు చిన్నవాడు ఆ బరువుకు నలిగిపోతాడు.

పెండ్యులంలాగా ఊగుతూ తిరిగేవి, టవర్ మీద నుంచి జారవిడిచేవి ఎగ్జిబిషన్లో వదిలేయడమే మేలు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో పెండ్యులం రైడ్ పైపు విరిగి ఇద్దరు చనిపోయారు. 2022 సెప్టెంబరులో మొహాలీ మేళాలో డ్రాప్ టవర్ సీట్లు పైనుంచి దభీమని కింద పడి పలువురు గాయపడ్డారు. ఇలాంటి యంత్రాలకు బరువంతా ఒకే చేతి మీద, ఒకే బేరింగ్ మీద, ఒకే తాడు మీద పడుతుంది. వెల్డింగ్‌లో వెంట్రుక వాసి పగులు రంగు కింద కనబడదు, దానికి పరీక్షలుంటాయి. నెలకో ఊళ్లో విప్పి బిగించే సరుకుకు ఆ పరీక్షలు చేయించే తీరిక ఎవరికీ ఉండదు. శాశ్వతంగా పాతుకున్న పార్కులో పొద్దున పొద్దునే చూసే మనుషులుంటారు, వాటిని అక్కడే ఎక్కండి.

బయలుదేరే రోజు

ఉగ్గాని తినండి, బజ్జీలు తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి. నూనె సరుకు కడుపులో ఉండగా గిరగిర తిరిగేవి ఎక్కితే బయటికి రాక తప్పదు. నీళ్ల వైపు మామూలుగా మధ్యాహ్నం తెరుస్తారు, కాబట్టి గేటు తెరిచిన మొదటి గంట పెద్ద కోస్టర్‌కు, రెండో గంట తిరిగే రైడ్లకు, ఎండ ముదిరాక నీళ్లకు. భోజనం పన్నెండింటికే కానిచ్చేస్తే, అందరూ తినే ఒంటిగంట వేళ క్యూలు సగమవుతాయి. ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ధర దాదాపు రెట్టింపు. మంగళ, బుధవారాల్లో దండగ, పండగ సెలవుల్లో మాత్రం ఏయే రైడ్లకు, ఎన్నిసార్లు అన్నది చదివి కొనండి.

కోస్టర్‌లో తల వెనక్కి ఆనించి, గదమ కాస్త పైకెత్తి పెట్టుకోండి, మెడ పట్టేయదు. భయమున్నవాళ్లకు మధ్య సీట్లు. రీకాయిల్‌లో మొదటి ఎత్తు మీద ముందు సీటువాడికి కింద నేల నిటారుగా కనబడుతుంది, అది కావాలనే ఎక్కేవాళ్లు ఇంకో రౌండు ఆగి ముందు సీటే అడగండి.

కారు తోలే మనిషి ఎవరో పొద్దునే తేల్చుకోవాలి. ఆయన నాలుగింటికల్లా నీళ్లలోంచి బయటికి వచ్చి, పొడిబట్టలు వేసుకుని, ఒక గంట నీడలో నడుం వాల్చాలి. రాత్రి పూట హైవే పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు ఉంటాయి, ఎండలో పగలంతా తిరిగిన కళ్లకు అవి దగ్గరికి వచ్చేదాకా ఆనవు. ఆ గంట దొరకదనుకుంటే అద్దెకు డ్రైవర్‌ను పెట్టుకోండి. ఒక టికెట్ ఖర్చు అంతే అవుతుంది, ఆయన పార్కు బయట కారులో పడుకుంటాడు.